నైరుతి మూల చిన్న గేటు

నేను ఒక చిన్న గేటును. పాడె పట్టేంత వెడల్పు, కారు పట్టనంత ఇరుకు. నా కొలత అంతే. అది ఎలా వచ్చిందో చెప్తాను. అందంగా చెప్పమని మాత్రం అడక్కండి. తుప్పు పట్టిన ఇనుమును, గీసుకుంటుంది. చూసుకుని వినండి.

హైదరాబాదు రింగు రోడ్డు అవతల తాళ్లవాడ అని ఒక ఊరుంది. ఉంది అంటున్నాను, ఎందుకంటే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ ఊరి నుంచి పెద్ద రోడ్డుకు ఒక బండ్ల బాట ఉండేది. ఆ బాట పట్టుకునే జనం బస్టాపుకు, రేషన్ షాపుకు, సర్కారు దవాఖానాకు పోయేవాళ్లు. చివరికి వాగు ఒడ్డున ఉన్న వల్లకాటికి కూడా అదే బాట. సర్కారు పటంలో గీసి ఉన్న బాట కాబట్టి నక్షబాట అనేవారు. నక్షలో ఉంది, ఎవడేం చేస్తాడని వాళ్ల ధీమా. నక్ష కాగితం. పొక్లెయిన్ ఇనుము. కాగితానికీ ఇనుముకూ తగాదా వస్తే ఎవరిది పైచేయో నన్నడగండి, నేను ఇనుమునే కదా.

బాటకు రెండు పక్కలా ఉన్న పొలాలు ఒక బిల్డరు కొన్నాడు. రెండు పక్కలా కొన్నాక నడుమ ఉన్న బాట కూడా తనదే అనుకున్నాడు. అక్కడ ఒక గుట్ట ఉండేది. దాన్ని పేల్చి, చదును చేసి, చుట్టూ గోడ లేపి, లోపల ఇళ్లు కట్టి 'మందార హిల్స్' అని పేరు పెట్టాడు. మందారాలు లేవు. ఉన్న ఒక్క గుట్టనూ తనే తినేశాడు. రంగుల కాగితాల మీద మాత్రం 'పక్కనే పల్లె వాతావరణం' అని అచ్చు వేయించి అమ్ముకున్నాడు. ఆ పల్లెకు ఊపిరాడే బాటను మూసి, ఆ పల్లె పేరే చెప్పి అమ్మడం. మనుషులకే చేతనవుతుంది ఇలాంటి పని.

గోడ బాటకు అడ్డంగా వచ్చిన రోజున తాళ్లవాడ మొత్తం వచ్చి పునాది గుంతలో కూర్చుంది. అందరికంటే ముందు కూర్చున్నది పెంటయ్య, ఊళ్లో డప్పు కొట్టే ముసలాయన. ఆయన పక్కన జంగమ్మ, కల్లు గీసే బాలనర్సు భార్య. వంట అక్కడే, పడక అక్కడే. ఆ ఏడు బతుకమ్మ కూడా ఆ గుంతలోనే ఆడారు. చివరికి విసుగెత్తి బిల్డరు మనిషి వచ్చాడు.

"దర్వాజ పెడ్తం, లెవ్వున్రి. ఎంత వెడల్పు కావాల్నో చెప్పున్రి."

"బతికినోళ్లది ఏమున్నది," అన్నాడు పెంటయ్య. "మేం ఎట్లన్న సందుల వడి పోతం. సచ్చినోళ్లతోనే కష్టం. వాళ్లు నలుగురి బుజాల మీద పోతరు. పాడె పట్టాలె."

బిల్డరు మనిషి నవ్వాడు. ఊరివాళ్లు నవ్వలేదు. అలా కుదిరింది నా కొలత. నన్ను కన్నది వెల్డింగు షెడ్డు కాదు. ధర్నాకు పుట్టిన బిడ్డను నేను.

తూర్పున ఉన్న పెద్ద గేటుకు మోటారు, రెండు సింహాలు, బంగారు రంగు ఈటెలు. ఆ గేటు కోయగా మిగిలిన ముక్కలు అతికించి నన్ను చేశారు. లోపలివాళ్లు నన్ను బ్యాక్ గేటు అనేవారు. ఊరివాళ్లకు నేను దర్వాజను. ఒకరికి నేను వీపు, ఇంకొకరికి మొహం. నాకైతే రెండూ ఒకటే, ఎటు తోస్తే అటు తిరిగేదాన్ని.

మొదట్లో మంచి రోజులే గడిచాయి. పొద్దున్నే ఊరి ఆడవాళ్లు వంటిళ్లకు, మొగవాళ్లు తోటపనికి, కార్లు తోలడానికి నాలోంచి లోపలికి వచ్చేవాళ్లు. లోపలివాళ్లు చింతచిగురుకు, నాటు గుడ్లకు నాలోంచి బయటికి పోయేవాళ్లు. నీరా తాగితే షుగరు దిగుతుందని ఎవరో చెప్పారట, తెల్లారేసరికి స్టీలు చెంబులు పట్టుకుని బాలనర్సు ఇంటి ముందు వరస కట్టేవాళ్లు.

"దీంతోని షుగరు దిగుతదో లేదో నాకు తెల్వది సార్," అనేవాడు బాలనర్సు, చెంబులో పోస్తూ. "జర ఎండ పడనిచ్చి తాగితె మాత్రం మీరే దిగుతరు. ఇంటికి ఎత్తుకపోవాలె."

బాలనర్సు ఇల్లు నన్ను దాటగానే మొదటిది. గోడకూ ఆ ఇంటికీ నడుమ పిలిస్తే పలికేంత దూరం. ఆ మనిషిని నేను రోజూ చూసేదాన్ని. మోకు భుజాన వేసుకుని వంకర కూనిరాగంతో పోయేవాడు. తాటిచెట్లు ఒక్కొక్కటీ ప్లాట్ల కింద పోయాయి. మిగిలినవి ముసలివి, ఎత్తువి. అలాంటి ఒక దాని మీద నుంచి ఒక పొద్దున పడ్డాడు. నడుము విరిగింది. నడుము కింద కదలిక పోయింది, ఒక చేతికి సగం సత్తువే మిగిలింది. దవాఖానా నుంచి తెచ్చి రేకుల కింద మంచం మీద పడుకోబెట్టారు. ఇక లేవలేదు.

అలాంటి మనిషికి పెద్ద మందులేమీ అక్కర్లేదని డాక్టరు జంగమ్మకు చెప్పాడట. పక్క మారుస్తూ ఉండాలి, తడి లేకుండా తుడవాలి, అంతే. రెండేసి గంటలకు ఒకసారి ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు తిప్పాలి. అది తప్పితే ఒంటి కింద పుండ్లు లేస్తాయి. ఆ పుండ్లే మనిషిని తింటాయి.

పిల్లలు లేరు. తాటిచెట్టూ లేదు. జంగమ్మ పని వెతుక్కుంది, ఎక్కడంటే నా పక్కనే, గోడను ఆనుకుని ఉన్న మూల ఇంట్లో. హైమావతి గారని పెద్దావిడ, ఒక్కతే ఉండేది. ఆ ఇంటి వంటగది కిటికీ తెరిస్తే తాళ్లవాడ వినపడుతుంది. అందుకే జంగమ్మ ముందు ఆ ఇల్లు పట్టుకుంది, తర్వాత పక్కనే ఇంకో రెండిళ్లు. బాలనర్సు పక్కలో ఒక ఇత్తడి పళ్లెం, ఒక గంటె పెట్టింది. ఒళ్లు మంటెత్తినా, దాహమేసినా, పక్క తడిసినా పళ్లెం మీద గంటె కొట్టేవాడు. ఆ చప్పుడు గోడ దాటి వచ్చేది. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నన్ను తోసేది.

"మళ్లీ బయల్దేరావా జంగమ్మా?" అనేది హైమావతి గారు, కిటికీలోంచి.

"మారాజు పిలుస్తుండమ్మా. పొయ్యి బంద్ చేసిన, ఇడ్లీలు మీరే తీసుకోన్రి, గిట్ల పోయి గట్ల వస్త."

నిజంగా అలాగే వచ్చేది. పక్క మార్చి, వీపు తుడిచి, నీళ్లు తాగించి, రెండు తిట్లు తిని, నాలుగు తిట్టి వచ్చేది. నా బందులు కీచుమంటున్నాయని లోపలివాళ్లు గొణిగితే, వాడిన మంచినూనె తెచ్చి ఆమే నా బందుల్లో పోసింది. కాలనీ కమిటీ వాళ్ల మెయింటెనెన్సు నా మీద పడింది ఎన్నడూ లేదు. నన్ను మనిషిలా చూసింది ఆమె ఒక్కతే.

బాలనర్సు ఒంటి మీద ఒక్క పుండు లేవలేదు. అలా ఏళ్లు గడిచాయి. ఇది గుర్తుపెట్టుకోండి. ఆ మనిషిని బతికించింది దవాఖానా కాదు, నాలోంచి పోయే దగ్గరి దారి.

ఈలోగా చుట్టుపక్కల పొలాలన్నీ కాలనీలయ్యాయి. ప్రతి కాలనీకి ఒక గోడ, ప్రతి గోడకూ ఒకే ఒక నోరు. ఆ నోరు రింగు రోడ్డు వైపు. ఒక కాలనీ నుంచి పక్క కాలనీకి దారి లేదు. గోడ ఒకటే, అటొక ఇల్లు, ఇటొక ఇల్లు, నడుమ సందు లేదు. మందార హిల్స్ కమిటీ అధ్యక్షుడు సత్యప్రసాద్ గారు రోడ్ల శాఖలో పెద్ద ఇంజనీరుగా చేసి దిగిపోయిన మనిషి. ఆయన బాల్య స్నేహితుడు పక్క కాలనీలో ఉంటాడు. ఇద్దరి బాల్కనీలూ ఎదురెదురు. కలవాలంటే కారు తీసి, రింగు రోడ్డెక్కి, ఫ్లైఓవర్ కింద తిరిగి రావాలి. అందుకని ఎదురెదురు బాల్కనీల్లో నిలబడి, ఒకరినొకరు చూసుకుంటూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు. జీవితమంతా రోడ్లు వేసిన మనిషి. ఒక్కరోజైనా ఇదేమిటని అనుకున్నట్టు నాకు కనపడలేదు.

అన్ని కాలనీలూ బోర్లు వేశాయి. వేస్తే ఏమవుతుంది? మందార హిల్స్ బోరు ఎండింది. అదే వేసవిలో ఒకాయనకు ఉద్యోగం పోయింది, ఒకావిడకు మోకాలి ఆపరేషను వికటించింది, ఒక ఇంట్లో మొగుడూ పెళ్లాలు విడిపోయారు. ఇన్నీ ఒకేసారి ఎందుకు జరిగాయని తల పట్టుకున్నారు. బోరు ఎందుకు ఎండిందో అడగడానికి భూగర్భ జలాల వాళ్లను పిలవచ్చు. వాళ్లు వాస్తు సిద్ధాంతిని పిలిచారు.

ఆయన దిక్సూచి పట్టుకుని కాలనీ అంతా తిరిగి నా ముందుకొచ్చి ఆగాడు. వెనక సత్యప్రసాద్ గారు, ఇంకో నలుగురైదుగురు. పక్కన కాపలా ఉండే సాంబయ్య, వరంగల్లు మనిషి.

"నైరుతి," అన్నాడు సిద్ధాంతి. "నైరుతి బరువుగా, మూసి ఉండాలి. ఇక్కడ నోరు తెరుచుకుని కూర్చుంది. ఇంకేం మిగుల్తుందండీ? లక్ష్మి ఇటునుంచే వెళ్లిపోతోంది."

"లచ్చిమి సంగతి తెల్వది గని," సాంబయ్య పక్కకు తిరిగి గొణిగాడు, "ఇటుకెల్లి పోయేది పనోళ్లే."

నేను నోరున్నదాన్నయితే ఒకటి అడిగేదాన్ని. అయ్యా, మీ కాలనీకి నేను నైరుతి. గోడ అవతల తాళ్లవాడ ఉంది. ఆ ఊళ్లో నిలబడి చూడండి, ఇదే గేటు వాళ్లకు ఈశాన్యం. దేవుడు తిరిగే మూల. ఒకే ఇనుము మీకు శని, వాళ్లకు శుభం. ఏ దిక్సూచి తప్పు ఇందులో? కానీ ఆ సిద్ధాంతి గోడ అవతల కాలు పెట్టలేదు. ఫీజు ఇటువైపువాళ్లదే కదా.

ఫోన్లలో ఓట్లు పెట్టుకున్నారట. బొటనవేళ్ల బొమ్మలు, దండాల బొమ్మలు వచ్చాయట. హైమావతి గారు ఏ బొమ్మా పెట్టలేదట. వద్దని కూడా అనలేదు. మంచి మనిషి. మంచివాళ్లు ఏమీ అనకుండా ఉండటం వల్లే ఈ లోకంలో సగం తాళాలు పడ్డాయి.

నాకు తాళం పడింది.

మొదటి రోజు జంగమ్మ పెద్ద గేటు నుంచి చుట్టూ తిరిగి పనికి వచ్చింది. ఊళ్లోంచి మట్టి రోడ్డు, ఫ్లైఓవర్ కింద మలుపు, రింగు రోడ్డు పక్కన దుమ్ములో లారీలకు ఎదురు నడక, ఒకదాని తర్వాత ఒకటి నాలుగు కాలనీల గోడలు, చివరికి సింహాల గేటు. నడవడానికి చోటులేని దారిలో గంటకు పైగా నడక. అంతా తిరిగొచ్చి అంట్లు ముందేసుకుందో లేదో గోడ అవతల నుంచి గంటె మోగింది.

ఆమె నా దగ్గరికి ఉరికొచ్చింది. తాళం పట్టుకుని గుంజింది. కమ్మీల మధ్య నుంచి మంచం కనపడుతోంది. మంచం మీది మనిషి ఆమెనే చూస్తున్నాడు.

"వస్తున్నయ్యా," అంది. తర్వాత సాంబయ్య వైపు తిరిగింది. "అన్నా, జర తియ్యి."

సాంబయ్య అటూ ఇటూ చూసి తీశాడు. రెండు రోజులు తీశాడు. మూడో రోజుకు నా నెత్తిన ఒక కెమెరా బిగించారు.

"ఇగ నాతోని కాదు చెల్లే," అన్నాడు సాంబయ్య, మొహం ఎటో పెట్టుకుని. "నాకూ ఇల్లున్నది."

జంగమ్మ సత్యప్రసాద్ గారిని పట్టుకుంది. ఆయన పొద్దున నడకకు వచ్చి నా పక్కనుంచే పోతుండగా అడ్డం నిలబడింది. అప్పుడే గంటె మోగుతోంది.

"ఇనవడ్తున్నదా సార్? మా ఆయన. పక్క మార్చాలె. ఒక్కసారి తియ్యిన్రి, ఉరికొస్త."

"చూడమ్మా, రూలంటే అందరికీ రూలే. నీకు తీస్తే రేపు ఇంకొకరికి తియ్యాలి."

"తియ్యిన్రి సార్. అందరికి తియ్యిన్రి. దర్వాజ ఉన్నది గందుకే గద."

"నా చేతుల్లో ఏముందమ్మా, కమిటీ నిర్ణయం."

"కమిటీకి పెద్ద మీరే గద సార్."

"పెద్ద అంటే..." ఆయన చెవుల్లో ఇయర్ ఫోన్లు సర్దుకున్నాడు. "మీటింగులో పెడతానులే."

చెడ్డవాడు కాడు. కేకలు వేయలేదు, తిట్టలేదు. ఆ మర్యాద చూస్తేనే నాకు ఒళ్లు మండింది. కేకలేసేవాడితో కొట్లాడొచ్చు. మర్యాదగా తల ఊపేవాడితో ఎలా కొట్లాడతారు?

హైమావతి గారు కూడా ఉపాయం చెప్పింది. "పోనీ స్కూటీ నేర్చుకోరాదూ జంగమ్మా? చుట్టూ తిరిగినా తొందరగా వస్తావు."

"గోడ దుంకే స్కూటీ ఉంటే సెప్పున్రి అమ్మా, రేపే నేర్సుకుంట."

పని మానేయచ్చు కదా అంటారు మీరు. మానేస్తే ఇద్దరూ తినాలి కదా. ఊళ్లో పొలం లేదు, చెట్టు లేదు, ఉన్న పనంతా గోడల లోపలే. పక్కింటివాళ్లకు చెప్పచ్చు కదా అంటారు. పక్కింటివాళ్లూ ఏదో ఒక గోడ లోపలే ఉన్నారు. పగలు తాళ్లవాడలో మిగిలేది కోళ్లు, ముసలివాళ్లు. పెంటయ్య వచ్చి నీళ్లు తాగించేవాడు. కానీ ఎముకల గూడు లాంటి ముసలాయన అంత మనిషిని తిప్పలేడు కదా.

మధ్యాహ్నం ఒక్కసారి ఆమె చుట్టూ తిరిగి ఇంటికి పోయి వచ్చేది. రెండేసి గంటల మాట అక్కడే చచ్చిపోయింది. మిగతా వేళల్లో గంటె మోగితే నా దగ్గరికొచ్చి కమ్మీలు పట్టుకుని నిలబడేది. అక్కడి నుంచి ఆయన, ఇక్కడి నుంచి ఆమె. మాటలు పోతాయి. చూపులు పోతాయి. చెయ్యి మాత్రం పోదు.

"మంటగున్నదే."

"ఎడమ దిక్కా, కుడి దిక్కా?"

"అంతట."

"ఓర్సుకో అయ్యా. పగటీలికి వస్త."

ఇది కూడా కొందరికి కంటగింపు అయ్యింది. మూసినా కమ్మీల్లోంచి చూపు పోతోంది కాబట్టి నైరుతి తెరిచినట్టేనని సిద్ధాంతి ఫోన్లో చెప్పాడట. లోపలి వైపు ఇనుప రేకు తెచ్చి కొట్టారు. ఊడకుండా నన్నూ రేకునూ గోడలోని చట్రానికి కలిపి వెల్డింగు పెట్టారు. అప్పటి నుంచి నాకు మిగిలింది ఊరివైపు చూపే. లోపలి మనుషులు చెవికి మాత్రమే తెలుస్తారు.

గంటె మోగేది. రేకు వెనక కాళ్ల చప్పుడు ఉరుకుతూ వచ్చేది. రేకు మీద అరచెయ్యి ఆనేది. "ఇన్నయ్యా, ఇన్న. ఓర్సుకో." వెనకాల నుంచి హైమావతి గారి గొంతు, కోపం కాదు, విసుగు. "గంటకోసారి ఇలా గేటు దగ్గరికి పరిగెత్తితే పనెలా జంగమ్మా? నేనొక్కదాన్నే ఏదో సర్దుకుంటున్నా. మిగతా రెండిళ్లవాళ్లు నిన్ను మానిపిస్తామంటున్నారు తెలుసా."

ఆ మాట గోడ ఇవతల మంచం దాకా వచ్చింది. గోడలు మనుషుల్నే ఆపుతాయి, మాటల్ని ఆపవు. బాలనర్సు విన్నాడు. 

మర్నాడు పొద్దు ఎక్కాక ఒళ్లు మెలికలు తిరిగింది. బాగున్న చేత్తో గంటె ఎత్తాడు. పళ్లెం దాకా తెచ్చాడు. ఆపాడు. నా రేకు వైపు చూశాడు. గంటెను మెల్లగా, చప్పుడు కాకుండా, పక్క మీద పెట్టాడు. ఇంకాసేపటికి మళ్లీ ఎత్తాడు. మళ్లీ దించాడు. పళ్లు బిగబట్టి రేకుల కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

ఆ రోజు గంటె మోగలేదు. మర్నాడూ మోగలేదు. గోడ లోపల, వంటగది కిటికీలో, జంగమ్మ గొంతు ఎన్నడూ లేనంత తేలికగా వినపడింది.

"ఇయ్యాల కూడ పిలువలేదమ్మా. జర నయమైనట్టున్నది. కంటినిండ నిద్ర పడ్తున్నట్టున్నది మారాజుకు."

నేను ఇనుమును. నాకు నోరు లేదు. బందులున్న రోజుల్లో కీచుమనేదాన్ని. అతికించాక ఆ కీచు కూడా పోయింది. ఈ ముచ్చట మొత్తంలో నాకు అన్నిటికంటే బరువైనది ఆ రోజు.

సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు ఆమె పక్క మారుస్తూ చూసింది. పైకి కమిలినట్టే కనపడుతూ వచ్చిన పుండ్లు లోపల అప్పటికే ఎముక దాకా పోయాయి. దవాఖానాకు తీసుకుపోతే, విషం నెత్తురులో కలిసిందన్నారు. వాళ్లు చెయ్యగలిగింది చేసి పంపారు. ఒక తెల్లవారుజామున మంచం మీదే పోయాడు. పక్క ఎత్తుతుంటే దిండు కింద గంటె దొరికింది. మోగకుండా తువ్వాలలో చుట్టి ఉంది. జంగమ్మ ఆ తువ్వాల విప్పి చూసి, గంటెను మళ్లీ అలాగే చుట్టి ఒళ్లో పెట్టుకుంది. 

పాడె లేచింది. పెంటయ్య డప్పు పట్టుకున్నాడు. ఊరు మొత్తం ఆ రోజు పనికి పోలేదు. చుట్టూ తిరిగి పోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. నక్షబాట పట్టుకుని నేరుగా నా ముందుకొచ్చి పాడె దించారు.

దించడానికి ఇంకో కారణం కూడా ఉంది. వల్లకాటికి పోయే దారి నడుమ ఒకచోట పాడె దించి, చచ్చిపోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఎక్కడన్నా కొసకు అంటుకుని ఉంటే లేచి వస్తుందని ఆశ. దింపుడు కళ్లం అంటారు. తాళ్లవాడకు తాతల నాటి నుంచి ఆ చోటు ఇదే, ఇప్పుడు నేను నిలబడ్డ చోటు. ఆ సంగతి తెలియక గోడ కట్టినవాళ్లు సరిగ్గా దాని నెత్తిన కట్టారు.

డప్పు విని లోపలి నుంచి మనుషులు వచ్చారు. గోడ అవతల నుంచి సత్యప్రసాద్ గారి గొంతు వచ్చింది.

"పెద్దాయనా, మాకూ బాధగానే ఉంది. చుట్టూ తిరిగి వెళ్లండి, శవాల బండి మేమే మాట్లాడతాం. మీకు ఏ ఇబ్బందీ లేకుండా చూస్తాం."

"బండి వద్దు సారూ," అన్నాడు పెంటయ్య. "మీ బండి మంచిదే. మా బాట మాకియ్యిన్రి."

"ఇక్కడ పాడె దించడం... లోపల పిల్లలున్నారు, పెద్దవాళ్లున్నారు, మీరూ ఆలోచించాలి కదా."

అప్పుడు జంగమ్మ మాట్లాడింది. గట్టిగా ఏమీ కాదు. "బతికున్నోని కాడికి నన్ను పోనియ్యలే. సచ్చినోన్ని పోనిత్తరని నేను అనుకోలే సార్. మా పని మేం చేసుకుంటం, గంతసేపు జర మాట్లాడకున్రి."

డప్పు ఆగింది. ఆమె పాడె పక్కన మోకాళ్ల మీద వంగింది. చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఏమయ్యా," అని పిలిచింది.

ఆగింది. కన్నవాళ్లయితే పేరు పెట్టి పిలుస్తారు. పెళ్లాం మొగుడి పేరు నోట అనదు. ఇన్నేళ్లలో ఆమె నోట ఆ పేరు నేను వినలేదు. రెండోసారి ఆ పేరుతోనే పిలిచింది.

"బాలనర్సూ."

మూడోసారి పిలవాల్సింది పేరే. ఆమె పేరు పలకలేదు.

"గంటె ఎందుకు కొట్టలే?" అని అడిగింది. "నేను రానని అనుకున్నవా? ఎందుకు కొట్టలేవయ్యా?"

 రేకు వెనక నుంచి హైమావతి గారి గొంతు వచ్చింది. "తాళం తియ్యండి ప్రసాద్ గారూ."  తాళం చెవి మోగింది, గొలుసు జారింది. సాంబయ్య నన్ను గుంజాడు. భుజం పెట్టి నెట్టాడు. ఇంకో ఇద్దరు కలిశారు. నేను కదల్లేదు. నన్ను చట్రానికి అతికించిన సంగతి తాళం తీసేదాకా వాళ్లకే గుర్తు రాలేదు. మూయడానికి అంత గట్టిగా మూశారు, ఇప్పుడు తెరవాలనుకున్నా తెరవడం వాళ్ల చేతుల్లో లేదు.

"ఉండనియ్యి సాంబన్నా," అంది జంగమ్మ ఇవతల నుంచి. "నీ చెయ్యి కోసుకపోతది."

పాడె ఎత్తారు. చుట్టూ తిరిగిపోయారు. మట్టి రోడ్డు, ఫ్లైఓవర్ కింద మలుపు, రింగు రోడ్డు పక్కన లారీల దుమ్ము, నాలుగు గోడలు. వెనక కార్లు హారన్లు కొట్టాయని తర్వాత ఊళ్లో చెప్పుకున్నారు. నాకు డప్పు చప్పుడు మాత్రం దూరమవుతూ, తగ్గుతూ, మళ్లీ గోడ అవతల చాలా దూరంలో వినపడింది. నాలోంచి పోతే అది బీడీ కాల్చినంతసేపటి దారి.

దీని తర్వాత లోపలివాళ్లకు బుద్ధి వచ్చిందనుకుంటారు మీరు. వచ్చింది భయం. శవం దిగిన గేటు, ఆడది నిలదీసిన గేటు. మళ్లీ సిద్ధాంతిని పిలిచారు. గేటు ఆనవాలే ఉండొద్దు, నిండా గోడ కట్టి ఆ మూల బరువు పెట్టండి అన్నాడు. గ్యాసు కట్టరుతో నన్ను కోశారు. కన్నం మూసి దానికి ఆనించి నీళ్ల ట్యాంకు లేపారు. బోరు మాత్రం ఇప్పటికీ ఎండే ఉందట. ఆ ట్యాంకును లారీ నీళ్లతో నింపుతున్నారట. ఆ లారీ కూడా చుట్టూ తిరిగే వస్తుంది.

నన్ను కోసిన రోజు హైమావతి గారు కిటికీ తలుపు వేసుకుంది. ఆమె ఇంట్లో ఇప్పుడు వేరే మనిషి పనిచేస్తోందని విన్నాను.

పెంటయ్య నక్ష పట్టుకుని కలెక్టరు ఆఫీసు మెట్లెక్కాడు. కొలతల వాళ్లు వచ్చారు కూడా. బాట ఏదని అడిగారట. ట్యాంకు కింద ఉంది సారూ, తవ్వున్రి అన్నాడట. వాళ్లు టీ తాగి పోయారు. ఆయన ఇంకా ఎక్కుతున్నాడు. ఎక్కాలి. ఆ ముసలాయన ఒక్కడే ఎక్కడం మాత్రం నాకు కడుపుమంట. తాళ్లవాడకే కాదు కదా ఈ గోడలు. మీరెక్కడ ఉంటారో నాకు తెలియదు. మీ గోడకు అవతల ఎవరున్నారో మీకు తెలుసా?

ఇప్పుడు నేను రింగు రోడ్డు పక్కన ఖాజా భాయ్ పాత ఇనుప సామాన్ల కొట్టు ముందు పడి ఉన్నాను. ఒంటరిని కాదు. నా కింద, నా మీద, పక్కన, అన్నీ చిన్న గేట్లే. మనిషి పట్టే గేట్లు. ఒకదాని మీద పసుపు బొట్లు, ఇంకోదాని మీద చిన్నపిల్లల సుద్దముక్క గీతలు. ఏ గోడలోంచి ఏది వచ్చిందో ఎవరికీ తెలియదు.

"గీ నడుమ గియ్యే వస్తున్నయ్ శాన," అన్నాడు ఖాజా భాయ్ ఎవరితోనో, నా మీద కాలు పెట్టి నిలబడి. "ఏ కాలనీకి పోయినా చిన్న గేటు తీస్కపో భాయ్ అంటరు. పెద్ద గేటు ఒక్కడు కూడ అమ్మడు."

రేపో మాపో లారీ వస్తుంది, కొలిమికి పోతాం. కరిగాక చువ్వలవుతాం. ఆ చువ్వలతో ఏ గోడ కడతారో ఎవరు చెప్పొచ్చారు.

జంగమ్మ ఈ కొట్టు ముందు నుంచే పోతుంది. రెండు గోడల అవతల ఇంకో కాలనీలో పని దొరికింది. మొదటి రోజు ఆమెను నేను పోల్చుకోలేదు. లారీలకు ఎదురుగా, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఎవరో ఒక ఆడమనిషి వస్తోంది అనుకున్నాను. నాకు తెలిసిన జంగమ్మ ఉరికే మనిషి, చేతులు తుడుచుకుంటూ ఉరికే మనిషి. ఈమె మెల్లగా నడుస్తోంది. టీ బండి దగ్గర ఆగి, టీ చల్లారేదాకా చేతిలో పట్టుకుని కూర్చుని, తాగి లేస్తోంది. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడూ అంతే.

ఇప్పుడు ఎంత చుట్టు తిరిగినా జంగమ్మకు ఆలస్యం కాదు.